పని చోట మనిషి ప్రాణం పోతే కేసు, పరిహారం ఎలా చూసుకోవాలి

ఇది చనిపోయిన మనిషి భార్య కోసమో, తల్లి కోసమో రాసింది కాదు. ఆ రోజు వాళ్లు ఏదీ చదివే స్థితిలో ఉండరు. వాళ్ల తరఫున దవాఖానకు, పోలీస్ స్టేషన్‌కు, కంపెనీ గేటు దగ్గరికి తిరిగే మనిషి ఒకరుంటారు. తమ్ముడు, బావమరిది, ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన పిల్లగాడు, ఎవరైనా కావచ్చు. మీరే ఆ మనిషైతే ఇది మీ కోసం.

మిర్యాలగూడ రైస్ మిల్లు కావచ్చు, చౌటుప్పల్ వైపు కెమికల్ ఫ్యాక్టరీ కావచ్చు, వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ, పాలమూరులో ఎత్తిపోతల పని, ఊరి పక్కన కంకర క్రషర్, ఏదైనా కావచ్చు. మనిషి పోయిన రోజు సాయంత్రానికే పెద్దమనుషులు చేరతారు. ఒక మొత్తం తేలుస్తారు. కాగితం మీద సంతకం పెట్టిస్తారు. తెల్లారేసరికి అంత్యక్రియలు అయిపోతాయి. ఆ హడావుడిలో వేర్వేరుగా ఉండాల్సిన రెండు విషయాలు కలిసిపోతాయి. తప్పు ఎవరిదన్నది ఒకటి, అది పోలీసులు, కోర్టు తేల్చాలి. పరిహారం ఎవరివ్వాలన్నది ఇంకొకటి, అది లేబర్ ఆఫీసులో తేలాలి. పరిహారం రావాలంటే యజమాని తప్పు రుజువు కావాల్సిన అవసరం లేదు. పని చేస్తుండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందని తేలితే చాలు, యజమాని ఇవ్వాల్సిందే. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే మిగతా అడుగులన్నీ అర్థమవుతాయి.

చట్టం గురించి ముందే ఒక మాట. పరిహారానికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చాలా ఏళ్లు ఆధారంగా ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ చట్టంలోని విషయాలు సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లాయి. ప్రమాదం ఆ తేదీకి ముందు జరిగితే పాత చట్టం, తర్వాత జరిగితే కోడ్. మూల సూత్రాలు రెండింట్లో దాదాపు ఒకటే కాబట్టి కింద చెప్పినవి ఎక్కువ భాగం రెండింటికీ పనికొస్తాయి.

మొదటి అడుగు: ఫిర్యాదు మీరే రాయండి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. దవాఖానలో ఇంటివాళ్లు ఏడుస్తుంటే కంపెనీ సూపర్‌వైజర్ ఒక తెల్ల కాగితం తెస్తాడు. అందులో దాదాపు ఇలా ఉంటుంది: "నా భర్త పని చేస్తుండగా ప్రమాదవశాత్తు కాలు జారి కన్వేయర్‌లో పడి మృతి చెందినాడు. అతని మృతిపై మాకు ఎవరిపైనా ఎలాంటి అనుమానం లేదు. తగు చర్య తీసుకోగలరు." కింద సంతకం, లేదంటే వేలిముద్ర.

ఈ కాగితం మీద పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద కేసు నమోదు చేస్తారు. అంటే మరణానికి కారణం తెలుసుకోవడానికి జరిపే విచారణ. అందులో నిందితుడంటూ ఎవరూ ఉండరు. పోస్ట్‌మార్టం అయ్యాక ఆ ఫైలు మూసేయడం చాలా తేలిక.

అదే సంఘటనను జరిగింది జరిగినట్టు రాస్తే ఎలా ఉంటుందో చూడండి: "నా భర్త ఈ మిల్లులో మూడేళ్లుగా హమాలీగా పని చేస్తున్నాడు. నెలకు 16 వేలు ఇస్తారు. నిన్న రాత్రి షిఫ్టులో ఎలివేటర్ గుంటలో ధాన్యం ఇరుక్కుంటే దిగి తీయమని సూపర్‌వైజర్ చెప్పాడని తోటి కార్మికులు చెప్తున్నారు. మోటారు ఆపకుండానే దింపారు. బెల్టుకు గార్డు లేదు. గుంట దగ్గర లైటు లేదు. యజమాని, మేనేజర్, సూపర్‌వైజర్ నిర్లక్ష్యం వల్లే నా భర్త చనిపోయాడు. వారిపై చర్య తీసుకోవాలి." ఇది అందితే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరంగా ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. 2024 జులై 1కి ముందు ఇది ఐపీసీ 304ఏ, శిక్ష గరిష్ఠంగా 2 ఏళ్లు. ఇప్పుడు గరిష్ఠంగా 5 ఏళ్లు, జరిమానా.

మీ కళ్లతో చూడనిది చూసినట్టు రాయకండి. "తోటి కార్మికులు చెప్పారు" అని రాస్తే సరిపోతుంది. అతిశయోక్తి ఒక్కటి బయటపడినా కేసంతా బలహీనపడుతుంది. శవ పంచనామాలో కూడా బంధువుల అభిప్రాయం అడుగుతారు. అక్కడ కూడా "కాలు జారి" అని రాసి ఉంటే సంతకానికి ముందే మార్పించండి. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పటికే మొదటి రకం కాగితం ఇచ్చేసి ఉంటే ఏం చేయాలి? ఆశ వదులుకోవద్దు. ఇంటివాళ్లు తేరుకున్నాక జరిగింది వివరంగా రాసి ఎస్ఐకి ఇంకో దరఖాస్తు ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. దర్యాప్తులో కొత్త విషయాలు తేలితే పోలీసులు సెక్షన్ మార్చవచ్చు. తీసుకోకపోతే అదే దరఖాస్తు స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫిర్యాదు చేసినవాళ్లకు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది అడిగి తీసుకోండి.

రెండో అడుగు: ఆ చోటు మారకముందే పట్టుకోండి

ఇది అదే రోజు జరగాలి. మర్నాడు వెళ్తే బెల్టుకు కొత్త గార్డు బిగించి ఉంటుంది, గుంట మీద జాలీ వేసి ఉంటుంది, గోడకు హెల్మెట్లు వేలాడుతుంటాయి. తెల్లగా మెరిసే కొత్త బోల్టులు, పాత తుప్పు ఫ్రేము మీద తడి ఆరని పసుపు పెయింటు కనిపిస్తే వాటిని కూడా ఫొటో తీయండి. ప్రమాదం తర్వాత బిగించారనడానికి అదొక సాక్ష్యం.

మీకు లోపలికి వెళ్లే వీలు లేకపోవచ్చు. తోటి కార్మికుల ఫోన్లలో చూడండి. ఆ రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు వీడియో తీసే ఉంటారు. దాన్ని వాట్సాప్‌లో పంపించుకుని వదిలేయకండి, తీసిన ఫోన్‌లో అసలు ఫైలు చెరపొద్దని చెప్పండి. సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీ భద్రపరచమని దర్యాప్తు అధికారికి అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. చాలా కెమెరాల్లో కొన్ని రోజులకు పాత రికార్డింగు దానంతటదే చెరిగిపోతుంది.

ఏం చూడాలి? యంత్రమైతే గార్డు ఉందా, ఆపే స్విచ్ చేతికి అందేంత దూరంలో ఉందా, మరమ్మతు జరుగుతుండగా ఇంకొకరు స్విచ్ వేయకుండా తాళం వేసే పద్ధతి ఉందా. ఎత్తు మీది పనైతే బెల్టు, దాన్ని తగిలించే తాడు, పరంజా గట్టితనం. ట్యాంకు, గుంట, సంపు లాంటి చోట్లయితే దిగే ముందు గాలి పరీక్షించారా, పైన మనిషిని నిలబెట్టారా. క్రేన్ అయితే తీగ తాడు ఎప్పుడు తనిఖీ చేశారు. కెమికల్ రియాక్టర్ అయితే ఆ షిఫ్టు లాగ్ పుస్తకం. వీటన్నిటికంటే ముఖ్యం, ఇంతకుముందు అదే చోట ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఎవరైనా చెప్పినా పట్టించుకోలేదా అన్నది. ప్రమాదం ఉందని తెలిసీ పని చేయించారని తేలితే విషయం మామూలు నిర్లక్ష్యం దగ్గర ఆగదు. హత్య కిందికి రాని నరహత్య, అంటే న్యాయ సంహిత 105వ సెక్షన్ వరకు అడగవచ్చు. అది రుజువు చేయడం కష్టం. భోపాల్ గ్యాస్ కేసులో కూడా 1996లో సుప్రీంకోర్టు ఆ బరువైన అభియోగాన్ని నిర్లక్ష్యం స్థాయికి తగ్గించింది, చివరికి 2010లో పడిన శిక్ష 2 ఏళ్లు. అంత పెద్ద ఘోరంలోనే అలా జరిగిందంటే, మన చేతిలో సాక్ష్యం ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి.

తోటి కార్మికులు భయపడతారు. వాళ్లకు అదే యజమాని దగ్గర రేపు పని కావాలి. వాళ్లను గేటు ముందు నిలదీయకండి. పేర్లు, ఫోన్ నంబర్లు, సొంత ఊర్ల చిరునామాలు రాసుకోండి. బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లయితే వారం లోపే ఊరికి పంపేసే అవకాశం ఉంది.

మూడో అడుగు: అక్కడే పని చేసేవాడని, ఎంత సంపాదించేవాడో రుజువు

"ఆయన మా దగ్గర పని చేయలేదు, కాంట్రాక్టర్ మనిషి" అంటారు. లేదా "ఆ ఒక్కరోజే కూలికి వచ్చాడు" అంటారు. రెండూ యజమానిని కాపాడవు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కు ఇచ్చి చేయించుకుంటే, పరిహారం విషయంలో అసలు యజమానిదీ బాధ్యతే. తను కట్టి తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. రోజు కూలీలను చట్టం నుంచి మినహాయించే మాటలను 2000లోనే సవరణ చేసి తీసేశారు.

రుజువు అంటే అపాయింట్‌మెంట్ లెటరే ఉండాలని లేదు. మేస్త్రి జేబులో ఉండే చిన్న నోట్‌బుక్ చూడండి. అందులో పేరు, ఎన్ని రోజులు, ఎంత అడ్వాన్సు, ఎంత మిగిలింది అన్నీ ఉంటాయి. ఆ పేజీ ఫొటో తీసుకోండి. ఫోన్‌పేలో నెలనెలా వచ్చిన డబ్బు, గేటు పాసు, యూనిఫాం, పని గురించి వాట్సాప్ గ్రూపులో మెసేజీలు, సూపర్‌వైజర్ వాయిస్ మెసేజ్, అన్నీ పనికొస్తాయి. జీతం రుజువు ఎందుకంత ముఖ్యమో లెక్క దగ్గర తెలుస్తుంది.

నాలుగో అడుగు: గేటు ముందు పంచాయితీ

శవాన్ని గేటు దగ్గర పెట్టి కూర్చోవడం మన జిల్లాల్లో కొత్త కాదు. దాన్ని నేను తప్పు పట్టను. పేదవాడి మాట వినిపించుకునే చోటు ఇంకేదీ కనిపించనప్పుడు అక్కడే కూర్చుంటాడు. యూనియన్ నాయకులు, ఊరి పెద్దలు ముందుండి మాట్లాడి అంత్యక్రియల ఖర్చు, ఎంతో కొంత డబ్బు ఇప్పించడమూ మంచిదే. ఆ తర్వాత రాయించుకునే కాగితం దగ్గరే జాగ్రత్త కావాలి.

"ఈ మొత్తం ముట్టినది. ఇకపై ఎలాంటి క్లెయిము, కేసు వేయము" అని స్టాంపు పేపరు మీద రాయిస్తారు. చట్టం ముందు ఈ కాగితానికి ఉన్న విలువ ఎంత? పరిహారం హక్కును వదులుకుంటూ చేసుకున్న ఒప్పందం చెల్లదు. మరణం కేసులో పరిహారాన్ని యజమాని కుటుంబం చేతికి ఇస్తే లెక్కలోకి రాదు, లేబర్ అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. కొంత అడ్వాన్సు మాత్రం నేరుగా ఇవ్వొచ్చు. పాత చట్టంలో అది 3 నెలల జీతం వరకు. 106వ సెక్షన్ కేసు రాజీ పడగలిగే నేరాల జాబితాలో లేదు, కాబట్టి "కేసు వాపసు తీసుకుంటాం" అనే హామీ ఇంటివాళ్ల చేతిలో లేనిది.

అయినా ఆ సంతకం ఇబ్బంది పెడుతుంది. రేపు అదే కాగితం చూపించి సాక్షులను వెనక్కి తిప్పుతారు, హైకోర్టులో కేసు కొట్టేయమని అడుగుతారు. అందుకని డబ్బు తీసుకుంటే చెక్కుగానో, భార్య ఖాతాకు బదిలీగానో తీసుకోండి. కాగితం మీద "తక్షణ సాయంగా అందినది. చట్టప్రకారం రావాల్సిన పరిహారానికి, కేసుకు దీనితో సంబంధం లేదు" అని రాయించండి. ఇలా రాయడానికి ఒప్పుకోకపోతే డబ్బు తీసుకోవడం కంటే ముందు ఆ కాగితాన్ని పక్కన పెట్టండి. సర్కారు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా కూడా యజమాని ఇవ్వాల్సిన పరిహారం కాదు, అది వేరే.

"తాగి ఉన్నాడు", "హెల్మెట్ పెట్టుకోలేదు" అనే మాటలు పంచాయితీలో తప్పకుండా వస్తాయి, రేటు తగ్గించడానికి. గాయమైతే ఆ వాదనలకు చట్టంలో చోటుంది. మనిషి చనిపోయినప్పుడు, శాశ్వతంగా పనికి పూర్తిగా దూరమైనప్పుడు, పరిహారం ఎగ్గొట్టడానికి వాటికి చోటు లేదు. ఇది అక్కడే గట్టిగా చెప్పండి. చాలామంది నాయకులకే ఈ సంగతి తెలియదు.

ఐదో అడుగు: ఎవరెవరికి కాగితం పోవాలి

పోలీసులకు యంత్రాల భద్రత తెలియదు. దాన్ని చూసే శాఖలు వేరే ఉన్నాయి. వాళ్లు వచ్చి తనిఖీ చేసి రాసే నివేదికే తర్వాత కేసుకు వెన్నెముక. ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్. క్వారీ, గని అయితే కేంద్రం కింద ఉండే గనుల భద్రత డైరెక్టరేట్. కరెంటు షాక్ అయితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్, ఎందుకంటే 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రమాదాల మీద విచారణ వాళ్లది. బాయిలర్ పేలితే బాయిలర్ల శాఖ. ఇవన్నీ యజమానే తెలియజేయాలి, కానీ ఆయన మీద ఆధారపడకండి. ఒకే లేఖ కాపీలు తీసి అందరికీ స్పీడ్ పోస్టు చేయండి. తర్వాత తనిఖీ నివేదిక కోసం సమాచార హక్కు కింద అడగండి.

లేఖ తప్పకుండా వెళ్లాల్సిన ఇంకో చోటు జిల్లా లేబర్ ఆఫీసు. పని వల్ల మనిషి చనిపోయాడని ఎటు నుంచి తెలిసినా, పరిహారం తేల్చే అధికారి యజమానికి నోటీసు ఇచ్చి, బాధ్యత ఒప్పుకుంటారా లేదా అని 30 రోజుల్లో జవాబు అడగవచ్చు. ఒప్పుకుంటే డబ్బు డిపాజిట్ చేయాలి. లేదంటే ఎందుకు కాదో రాయాలి. మీ క్లెయిము ఇంకా సిద్ధం కాకముందే ఈ పని మొదలవుతుంది.

యజమాని సర్కారు సంస్థ అయితే ఏం చేయగలం అనుకోకండి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు, అది సర్కారు సంస్థదే. యజమాని బాధ్యత ప్రైవేటు కంపెనీలకే అని చట్టం అనలేదు.

ఆరో అడుగు: ఏ దారిలో వెళ్లాలి

ముందు ఈఎస్ఐ ఉందా చూడండి. జీతం నెలకు 21 వేలలోపు ఉండి, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ అయితే ఉండాలి. ఉంటే లేబర్ ఆఫీసులో పరిహారం అడగడానికి వీల్లేదు, ఈఎస్ఐ నుంచే ఆధారితుల పింఛను వస్తుంది. సగటు రోజు వేతనంలో 90 శాతం లెక్కన నెలనెలా ఇస్తారు, అంత్యక్రియలకు 15 వేలు. చిన్న పిల్లలున్న కుటుంబానికి నిజం చెప్పాలంటే ఇదే మేలు, ఎందుకంటే ఒకేసారి వచ్చిన డబ్బు నిలవదు. ప్రమాదం తర్వాత హడావుడిగా పేరు ఎక్కించారేమో నమోదు తేదీ చూడండి. అలా చేసి ఉంటే ఆ తేదీ ప్రింటు తీసి దాచండి. ఎప్పటి నుంచో పని చేస్తున్నా పేరు ఎక్కించలేదన్న దానికి అదే సాక్ష్యం.

పీఎఫ్ కట్టి ఉంటే వితంతు పింఛను, దానితోపాటు ఈడీఎల్ఐ అనే జీవిత బీమా వేరేగా వస్తాయి. బీమా 7 లక్షల వరకు ఉంటుంది. వీటికీ పరిహారానికీ అడ్డం లేదు.

కంపెనీ బస్సులోనో, సైటు లారీ కిందో చనిపోతే రోడ్డు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలా, లేబర్ ఆఫీసుకు వెళ్లాలా అనేది ఎంచుకోవాలి. రెండు చోట్లా కుదరదు. ట్రిబ్యునల్‌లో జీతం మీద పరిమితి లేదు, కానీ డ్రైవర్ నిర్లక్ష్యం మామూలుగా రుజువు చేయాలి. జీతం ఎక్కువున్న మనిషైతే ఈ ఎంపిక లాయర్‌తో కూర్చుని చేయండి.

ఇంట్లో ఇంకో రెండు కాగితాలు వెతకండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా 20 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి బీమా. ఒక్కొక్కటి 2 లక్షలు. పట్టాదారు పాస్‌బుక్ ఆయన పేరు మీద ఉండి వయసు 59 లోపైతే రైతు బీమా గురించి వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. పాలమూరులో అరెకరం ఉండి బతుకుదెరువుకు బయటికి వెళ్లినవాళ్లు ఎంతోమంది, ఇంటివాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే సంక్షేమ బోర్డు సాయం కూడా ఉంటుంది.

ఏడో అడుగు: లెక్క

ఈఎస్ఐ లేకపోతే పరిహారం లెక్క ఇదీ. నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి పట్టికలో ఉన్న సంఖ్యతో గుణించాలి. 30 ఏళ్లకు అది 207.98, 35కు 197.06, 40కి 184.17. పాత చట్టం కింద 2020 జనవరి నుంచి నెల జీతాన్ని గరిష్ఠంగా 15 వేల వరకే లెక్కలోకి తీసుకుంటారు. మీ ప్రమాదం తేదీకి ఎంత పరిమితి ఉందో లేబర్ ఆఫీసులో అడిగి చూసుకోండి.

35 ఏళ్ల మనిషి, జీతం 15 వేలు రుజువైతే: 7,500 × 197.06 = 14,77,950 రూపాయలు. అదే మనిషికి జీతం 9 వేలే అని తేలితే 8,86,770. అంటే మేస్త్రి నోట్‌బుక్ పేజీ ఒక్కటి దాదాపు 6 లక్షల తేడా తెస్తుంది. గేటు ముందు పంచాయితీలో ఎవరైనా మొత్తం చెప్పినప్పుడు ఈ లెక్క మీ జేబులో ఉండాలి.

యజమాని నెలలోపు కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. పై లెక్కలో అది ఏడాదికి 1,77,354 రూపాయలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు. పరిహారం ప్రమాదం జరిగిన రోజే రావాల్సిందని, అధికారి ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి కాదని సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. యజమానికి ఇన్సూరెన్స్ పాలసీ ఉందా కనుక్కుని ఆ కంపెనీని కూడా కేసులో చేర్చండి. వసూలు తేలికవుతుంది. జరిమానా మాత్రం యజమాని జేబు నుంచే రావాలి.

ఎనిమిదో అడుగు: దరఖాస్తు

మరణించిన తేదీ నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. అంతవరకు ఆగకండి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆధార్‌లు, వయసు రుజువు, జీతం రుజువు జతచేయాలి. ఆధారపడినవాళ్లందరి పేర్లూ రాయండి. కోడలికీ అత్తకూ పడనప్పుడు ఎవరో ఒకరి పేరు వదిలేస్తుంటారు, తర్వాత కేసు అక్కడే ఆగిపోతుంది.

ఎక్కడ వేయాలన్న విషయంలో చట్టం కుటుంబం వైపు ఉంది. ప్రమాదం జరిగిన చోట వేయొచ్చు, కుటుంబం ఉండే చోట వేయొచ్చు, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట కూడా వేయొచ్చు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. పంజాబ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. అలాంటి దూరపు కుటుంబాలు పరిహారం దరఖాస్తు కోసం ఇక్కడికి తిరగాల్సిన అవసరం లేకుండా ఈ వెసులుబాటు ఉంది. మనవాళ్లకూ అంతే. నారాయణపేట నుంచి వెళ్లిన మనిషి పుణె సైటులో పోతే, దరఖాస్తు ఇక్కడి లేబర్ అధికారి దగ్గరే పెట్టవచ్చు.

లాయర్ కోసం డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, అది జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. ఫోన్ 15100. "వచ్చిన దాంట్లో పావలా వంతు నాకు" అనే మధ్యవర్తులకు దూరంగా ఉండండి.

తొమ్మిదో అడుగు: క్రిమినల్ కేసును వదిలేయకండి

పరిహారం వచ్చాక చాలా కుటుంబాలు ఇక్కడ ఆగిపోతాయి. వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ గుంటలో రేపు దిగేది ఇంకో మనిషి అన్నది కూడా నిజం.

చూడాల్సింది చార్జిషీట్‌లో నిందితులు ఎవరన్నది. తరచుగా సూపర్‌వైజర్ ఒక్కడే మిగులుతాడు, అతనూ నెల జీతగాడే. గార్డు కొనకూడదని, మోటారు ఆపొద్దని నిర్ణయించింది ఎవరు? నిర్లక్ష్యం కేసులో ఎవరి వ్యక్తిగత తప్పు ఏమిటో చూపించాలి కాబట్టి, డబ్బు ఆదా కోసం భద్రత వాయిదా వేసిన ఆదేశాలు, మెసేజీలు ఉంటే అవి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. భద్రతా చట్టం కింద నడిచే కేసులో దారి కొంచెం తేలిక. కంపెనీకి 'ఆక్యుపయర్' (ఫ్యాక్టరీ మీద చివరి అధికారం, బాధ్యత ఉన్న మనిషి) అంటే డైరెక్టర్లలో ఒకరే అవ్వాలని, మేనేజర్‌ను ముందు నిలబెట్టి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. పని చోట భద్రత కోసం వచ్చిన కొత్త కోడ్‌లో (ఇది పరిహారానికి చెప్పిన సామాజిక భద్రతా కోడ్ కాదు, వేరే) మరణానికి దారితీసిన ఉల్లంఘనకు 2 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆ జరిమానాలో కనీసం సగం కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. ఇది అడగాలి, అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో పోలీసులు బాధితులకు చెప్పాలి. చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి. యజమాని పేరు తీసేశారనిపిస్తే చార్జిషీట్ మీద కోర్టులో అభ్యంతర పిటిషన్ వేయవచ్చు.

ఆర్డరు వచ్చాక

యజమాని అప్పీలుకు వెళ్లాలంటే ముందు ఆ మొత్తం డిపాజిట్ చేయాలి. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించే దారి ఉంది, దానికోసం అధికారికి దరఖాస్తు పెట్టండి. పరిహారం డబ్బును అప్పులవాళ్లు జప్తు చేయలేరు, ఎవరికీ రాసివ్వడానికీ కుదరదు. వడ్డీ వ్యాపారి ఇంటికొచ్చి కూర్చుంటే ఈ మాట చెప్పండి.

పిల్లల వాటాను మామూలుగా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు. ఫీజులకు, వైద్యానికి కావాలంటే తల్లి పిటిషన్ పెట్టుకుని అందులోంచి తీసుకోవచ్చు. స్కూలు రాసిచ్చిన ఫీజు కాగితం, దవాఖాన బిల్లు జత చేస్తే చాలు.